పేరొకటి, వేర్లు రెండు

బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో సన్నబడాలనుకునే స్త్రీల కోసం ఒక క్లినిక్ ఉండేది. 15 ఏళ్లపాటు ఏ గొడవా లేకుండా నడిచింది. 1990లో తన మందుల్లోకి కొత్తగా రెండు చైనా మూలికల పొడులు చేర్చింది. చెట్టుమందే కదా, చేటేముంటుందని అందరూ నిశ్చింతగా మింగారు. మనమైనా అంతే కదూ!

1992లో వయసులో ఉన్న ఇద్దరు స్త్రీలు మూత్రపిండాలు పాడై ఆస్పత్రికి వచ్చారు. ఇద్దరూ ఆ క్లినిక్ గడప తొక్కినవాళ్లే. డాక్టర్ వాన్‌హెర్‌వెగెమ్, ఆయన తోటివాళ్లూ ఆరా తీస్తే అలాంటివాళ్లు మరికొందరు బయటపడ్డారు. పోనుపోను లెక్క 100 దాటింది. చాలామందికి డయాలిసిస్సో, కిడ్నీ మార్పిడో తప్పలేదు.

జరిగిందేమిటంటే, ఇవ్వదలచింది 'హాన్ ఫాంగ్ జీ' అనే తీగ వేరు. చైనా వైద్యులు ఒంటికి పట్టిన నీరు తీయడానికీ, కీళ్లనొప్పులకీ ఇస్తారు. 'గ్వాంగ్ ఫాంగ్ జీ' అని ఇంకొకటుంది. పేరు కలిసిందేగాని చుట్టరికం లేదు. అది అరిస్టొలోకియా జాతి. ఎండబెట్టి, పొడి కొట్టాక ఏది ఏదో ఎవరు పోల్చగలరు? 1994లో పరీక్ష చేస్తే ఆ పొడుల్లో అరిస్టొలోకిక్ ఆమ్లం బయటపడింది.

అరిస్టొలోకియా అంటే గ్రీకు భాషలో 'కాన్పుకు మేలైనది' అని అర్థం! ఒకప్పుడు నొప్పులు పడే ఆడవాళ్లకి పట్టేవారు. పాముకాటుకి మందని మనవాళ్లు చెప్పుకునే ఈశ్వరి వేరూ ఈ జాతిదే, అందులోనూ ఆ ఆమ్లం ఉంది. మరి తరతరాలుగా వాడినవాళ్లకు తెలియలేదా అంటారా? తాగిన పూటే వాంతులైతే తెలుస్తుంది. నెలలూ ఏళ్లూ గడిచాక కిడ్నీ కుంచించుకుపోతే, ఎప్పుడో తాగిన కషాయాన్ని ఎవరు తలుచుకుంటారు చెప్పండి! బ్రస్సెల్స్‌లోనైనా, అందరూ ఒకేచోట మందు తీసుకోబట్టి దొంగ దొరికాడు.

అంతటితో పోలేదు. ఆ రోగుల్లో 39 మంది పనిచేయని కిడ్నీలను ముందుజాగ్రత్తగా తీయించుకుంటే, 18 మందికి మూత్రం ప్రయాణించే దారిలో కాన్సర్ కనిపించింది. 2000లో ఆ సంగతి అచ్చయింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ, అరిస్టొలోకియా కలిసిన మూలికామందుల్ని మనుషులకు కాన్సర్ తెచ్చేవాటిలో చేర్చింది. చైనా 2004లో గ్వాంగ్ ఫాంగ్ జీ వాడకాన్ని నిషేధించింది.

పేరు పంచుకున్న పాపానికి నింద మోసిన హాన్ ఫాంగ్ జీ మాత్రం చైనా అధికారిక ఔషధ గ్రంథంలో ఇప్పటికీ ఉంది.