యాభై సూదులు

సికింద్రాబాద్ మోండా మార్కెట్ వెనక సందు. ఉల్లిగడ్డల బస్తాలు తప్పించుకుంటూ ఇనుప మెట్లెక్కి మొదటి అంతస్తుకు చేరతారు. ఒకప్పుడది ఫొటో స్టూడియో. గోడకు పూలతోట బొమ్మ వేసిన తెర సగం చుట్టి, సగం వేలాడుతోంది. మూలన ఫ్లాష్ గొడుగులు రెండు దుమ్ము పట్టి ఉన్నాయి. పెద్దాయన బీరువా తెరిస్తే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. పాత ఆల్బమ్‌ల అడుగు నుంచి నల్ల సంచి లాగి బల్ల మీద పెడతాడు.

"నికాన్ డీ200. నాకు అన్నం పెట్టిన కెమెరా. మంచిగ చూస్కో తమ్మీ. రేపొచ్చి నన్ననొద్దు."

చేతిలోకి తీసుకోగానే మణికట్టు ఒక్కసారి కిందికి వంగుతుంది. బ్యాటరీ, లెన్సు కాకుండానే 830 గ్రాములు. 2005 చివర్లో ఇది కొత్తగా వచ్చినప్పుడు 10.2 మెగాపిక్సెళ్లంటే గొప్ప. ఇప్పుడు జేబులోని ఫోను అంతకు ఎన్నో రెట్ల అంకె చెబుతుంది. అయినా బొటనవేలు దానంతటదే వెళ్లి ఆనే చోటొకటి దీనికుంది. అక్కడి రబ్బరు కాస్త ఉబ్బి జిగటగా తగులుతుంది. ఈ వయసు నికాన్లకు ఇది మామూలే. బేరంలో పనికొస్తుంది.

బ్యాటరీ పెడతారు. కెమెరా పై కిటికీలో "క్లాక్" అన్న మాట మినుకుమినుకుమంటుంది. చాన్నాళ్లు ఖాళీ కడుపుతో పడుకుంది కదా, లోపలి గడియారం ఇవాళ ఏ రోజో మరిచిపోయింది. మెనూలోకి వెళ్లి బ్యాటరీ సంగతి చూస్తారు. ఈ కెమెరా తన బ్యాటరీ ముసలితనాన్ని కూడా దాచకుండా చెబుతుంది: 0 అంటే కొత్తది, 4 అంటే పని అయిపోయింది. ఇక్కడ 3.

"బ్యాటరీ మూడుకొచ్చిందన్నా."

"నాది కూడ మూడే తమ్మీ," అని నవ్వుతాడు.

అసలు పరీక్ష ఇప్పుడు. ఫోను టార్చి వేసి, కార్డు తలుపు తీసి, లోపలికి తొంగి చూస్తారు. చీకట్లో రెండు వరుసల్లో సన్నటి సూదులు మెరుస్తాయి. మొత్తం యాభై. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు అంచున యాభై రంధ్రాలుంటాయి, ఒక్కో సూది ఒక్కో రంధ్రంలో దిగాలి. ఎవరైనా తొందరలో కార్డును అడ్డంగా కుక్కితే ఒక సూది వంగుతుంది. అంతే, ఇంత బరువు కెమెరా బల్ల మీద పెట్టుకునే బొమ్మ. అందుకే పాత కెమెరా కొనేవాడు లెన్సు కంటే ముందు ఈ చీకటి గుంటలోకి చూడాలి. పక్కపక్కన నిలబడ్డ సూదుల్లో ఒకటి పొట్టిగా కనిపించినా, వాలినట్టున్నా మారుమాట లేకుండా లేచి రావడం మంచిది. ఒకసారి లెక్కపెడతారు. కళ్లు చెదిరి మళ్లీ మొదలుపెడతారు. అన్నీ నిటారుగానే ఉన్నాయి.

మిమ్మల్నే చూస్తున్న పెద్దాయన మెల్లగా అంటాడు: "పెండ్లి మంటపంల కార్డు మార్చేటప్పుడు గూడ ఊపిరి బిగవట్టి పెడుతుంటి."

లెన్సు 50 ఎంఎం, ఎఫ్ 1.8. వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూస్తే అంచున సాలెగూడులా సన్నటి పోగులు. బూజు మొదలైంది. గాలాడని బీరువాలో వానాకాలాలు గడిపిన లెన్సుకు ఇది తప్పదు. కలరా ఉండలు చీరల్ని కాపాడతాయేమో కానీ తేమ పీల్చవు. దానికి సిలికా జెల్ పొట్లాలు కావాలి.

డాబా మీదికెళ్తారు. నీటి ట్యాంకుల మీద తెల్లటి ఆకాశం. ఎఫ్ 22 పెట్టి ఉత్త ఆకాశాన్ని తీస్తారు. ఠక్! ఫోనుల్లో వినిపించే ఉత్తుత్తి చప్పుడు కాదిది. లోపల అద్దం లేచి, తెర తెరుచుకుని, మళ్లీ మూసుకున్న దెబ్బ అరచేతికి తెలుస్తుంది. ఫొటోను పెద్దది చేసి చూస్తే ఆకాశంలో నాలుగు బూడిద చుక్కలు. సెన్సర్ మీది దుమ్ము. దాన్ని తనే దులుపుకునే ఏర్పాటు దీనికి లేదు. నికాన్లలో అది 2007లో డీ300తో వచ్చింది. రబ్బరు బ్లోయరుతో చాలా వరకు పోతుంది.

ఎనిమిది వేల దగ్గర మొదలైన బేరం ఆరున్నర దగ్గర ఆగుతుంది. ఒక్కటే మిగిలింది: షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో. నికాన్ దీన్ని లక్ష సార్లకు పరీక్షించింది. ఆ లెక్క కెమెరా తెర మీద కనిపించదు. ప్రతి ఫొటో కడుపులో రాసి ఉంటుంది. కంప్యూటర్లో చూడాలంటే పెద్దాయన దగ్గర కేబుల్ లేదు, కార్డు రీడరూ లేదు.

"కార్డు తీస్కపో. కెమెరా ఈడనే ఉంటది. చూస్కోని రా."

నాలుగు జీబీ కార్డు చొక్కా జేబులో వేసుకుని క్లాక్ టవర్ మీదుగా పార్క్ లేన్ వైపు నడుస్తారు. ఈ ఊళ్లోనే 1880ల్లో లాలా దీన్ దయాళ్ స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు. ఆయన వాడింది గాజు పలకలు. వెలుగు పడేదీ ఆ పలక మీదే, బొమ్మ మిగిలేదీ ఆ పలక మీదే. ఒక బొమ్మకు ఒక పలక. ఆయన 1905లో పోయాడు. 2,857 గాజు నెగటివ్‌లు మాత్రం ఇప్పటికీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. మీ జేబులోని కార్డుకు ఆ ఓపిక లేదు. అందులో బొమ్మంటే చిన్న చిన్న గదుల్లో బంధించిన విద్యుదావేశం. ఏళ్ల తరబడి వదిలేస్తే అది మెల్లగా కారిపోతుంది. కార్డు ఇల్లు కాదు, రైల్వే వెయిటింగ్ రూము.

చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరి నోట్లో సీటీసీ. మెట్ల దగ్గరే మొదలవుతుంది: "క్యా హోనా భాయ్? ల్యాప్‌టాప్? ప్రింటర్?" కాంపాక్ట్ ఫ్లాష్ రీడర్ అనగానే ఒక కుర్రాడు ఇంకో కుర్రాడి మొహం చూస్తాడు. నాలుగో దుకాణంలో, గాజు అల్మరా అట్టడుగున, పసుపు పట్టిన ప్లాస్టిక్ పొట్లంలో ఒకటి దొరుకుతుంది.

"ఆ కార్డులు ఇప్పుడెవరు వాడుతున్నరన్నా? ఎస్డీ కార్డు పెట్టుకునే అడాప్టర్ ఉంది. అరవై నాలుగు జీబీ కార్డుతో కలిపి చవకగ ఇస్త."

ఆ ధర వింటే ఆశ పుడుతుంది. కానీ అతి చవక కార్డుల్లో ఒక మోసం ఉంది. లోపలుండేది ఎనిమిది జీబీయే. కెమెరాకు మాత్రం అరవై నాలుగని చెప్పేలా కార్డును మార్చేస్తారు. ఎనిమిది నిండేదాకా అంతా సవ్యం. ఆ తర్వాత తీసినవి పాతవాటి మీద పడతాయి, లేదా శూన్యంలో కలుస్తాయి. ఫొటో తీసినట్టే ఉంటుంది, ఇంటికెళ్లి చూస్తే ఉండదు. కొన్న రోజే హెచ్‌టూటెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత ప్రోగ్రాంతో కార్డును పూర్తిగా నింపి, తిరిగి చదివి చూడటం ఒక్కటే మందు. అసలైన కార్డుకైనా వయసు కుదరాలి. రెండు జీబీ దాటిన ఎస్డీ కార్డుల రకం, ఎస్‌డీహెచ్‌సీ, వచ్చింది 2006లో. అంతకు ముందరి నికాన్ డీ50కి రెండు జీబీ దాటిన కార్డు ఇస్తే, ఆకారం ఒకటే కాబట్టి లోపలికి వెళ్తుంది కానీ, చదవదు.

రీడర్‌ను కుర్రాడి ల్యాప్‌టాప్‌కు తగిలిస్తారు. కార్డు నిటారుగా, నెమ్మదిగా. ఈసారి మీరే ఊపిరి బిగబడతారు. మీరు తీసిన ఆకాశం తెరుచుకుంటుంది. దాని కడుపులో అంకె: 83,214. పెళ్లికి ఎనిమిది వందలనుకున్నా వందకు పైగా పెళ్లిళ్లు. ఇంకా కొన్నేళ్లు పలుకుతుంది.

ఆకాశానికి ముందు ఇంకా ఫొటోలున్నాయి. తలంబ్రాలు. కళ్లు మూసుకున్న పెళ్లికూతురు. బంతిలో వడ్డించే చేతులు. మొత్తం రెండు వందల పన్నెండు. కుర్రాడి చెయ్యి మౌసు మీదే ఉంది. "డిలీట్ కొట్టెయ్యాలా అన్నా?"

వద్దంటారు. ఒక పెన్ డ్రైవ్ కూడా కొంటారు.

మళ్లీ ఇనుప మెట్లు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, పైన పెన్ డ్రైవ్ పెడతారు. పెద్దాయన కెమెరా తెర మీద ఆ ఫొటోలు ఒక్కొక్కటే తిప్పుతాడు, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి.

"బోయిన్‌పల్లిల పెండ్లి ఇది. ఆల్బమ్ చేసి పెట్టిన. తీస్కపోనీకె ఎవ్వరు రాలే." కాసేపు ఆ పెళ్లికూతురి దగ్గరే ఆగుతాడు. "ఇందుల ఉన్నయా అన్ని?" అని పెన్ డ్రైవ్ చూపిస్తాడు.

"అన్నీ ఉన్నయన్నా. లెక్కబెట్టిన."

ఎర్ర గుర్తులున్న రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకుంటాడు. పై కిటికీలో "ఫార్" అని మినుకుమంటుంది, ఫార్మాట్ అనడానికి కెమెరాకు ఉన్న చోటు అంతే. మళ్లీ ఆ రెండూ నొక్కితే అన్నీ పోతాయి. ఇంకే బటన్ నొక్కినా ఏమీ కాదు. సందులో ఉల్లిగడ్డల బండివాడి కేక వినబడుతుంది.

ఆయన వేళ్లు కదలలేదు. కెమెరా మీ వైపు జరుపుతాడు.

"నువ్వే నొక్కు తమ్మీ. ఇప్పుడు నీది గద."