తాపం నుంచి తంతీకరణం దాకా: వ్యాధి నమూనాల చరిత్ర

శరీరానికి దెబ్బ తగిలినప్పుడో, సూక్ష్మజీవులు చొరబడినప్పుడో రక్తనాళాలు, తెల్లకణాలు, అవి విడుదల చేసే రసాయనాలు కలిసి సాగించే రక్షణచర్యను తాపప్రక్రియ లేక ఇన్‌ఫ్లమేషన్ అంటారు. పాడైన చోటును పూడ్చడానికి పుట్టే కొలాజెన్ పోగులు అవసరానికి మించి పేరుకొని అవయవాన్ని గట్టిపరిచే స్థితి తంతీకరణం లేక ఫైబ్రోసిస్. మొదటిది ముదిరితే రెండవది వస్తుందని, కనుక మొదటిదాన్ని అణచితే రెండవది ఆగుతుందని ఇరవయ్యో శతాబ్దపు వైద్యం చాలాకాలం నమ్మింది. ఆ నమ్మకం బలపడటంలోను, తరువాత సడలటంలోను జంతు పరిశోధనలది పెద్ద పాత్ర.

తాపప్రక్రియను కంటితో చూడగలిగే విషయంగా మార్చినది కప్ప. జర్మన్ వ్యాధివిజ్ఞాన శాస్త్రవేత్త యూలియస్ కోన్‌హైమ్ 1867లో బతికివున్న కప్ప పేగులను పట్టి ఉంచే పలుచని పొరను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, తెల్లకణాలు రక్తనాళపు గోడను దాటుకొని బయటికి వస్తున్నాయని, చీము కణాలు రక్తం నుంచి వచ్చినవేనని చూపాడు. 1882లో సిసిలీ ద్వీపంలోని మెసీనాలో ఇల్యా మెచ్నికోవ్ పారదర్శకమైన నక్షత్రచేప డింభకంలో గులాబీ ముల్లు గుచ్చితే, మరునాటికి దాని చుట్టూ సంచార కణాలు మూగి ఉన్నాయి. రక్తనాళాలే లేని జీవిలో కూడా ఈ చర్య జరగడం వల్ల, తాపానికి మూలం నాళాలలో కాక కణాలలో ఉందని అతడు వాదించగలిగాడు. ఈ ఇద్దరూ జంతువులో మానవవ్యాధి నమూనాను సృష్టించలేదు, ఒక సహజక్రియను గమనించారంతే. తరువాతి చరిత్రలోని చిక్కులన్నీ గమనించడం నుంచి సృష్టించడానికి మారినప్పుడే మొదలయ్యాయి.

ఆ మార్పు ప్రధానంగా ఔషధ పరిశ్రమ అవసరం కోసం వచ్చింది. కార్ల్ పియర్సన్ 1956లో చంపిన క్షయజాతి సూక్ష్మజీవులను నూనెలో కలిపి ఎలుకలకు ఎక్కించి కీళ్లవాపు రప్పించాడు. 1962లో సముద్రపు నాచు నుంచి తీసే కారజీనన్ అనే పదార్థాన్ని ఎలుక పాదంలోకి ఎక్కించి, కొన్ని గంటలలో వచ్చే వాపును కొలిచే పరీక్ష వెలువడింది. చవకగా, త్వరగా అంకెలు ఇచ్చే ఈ పరీక్ష నొప్పి, వాపు తగ్గించే మందుల వడపోతకు దశాబ్దాలపాటు జల్లెడలా పనిచేసింది. కాని ఏ మందులను పట్టడానికి జల్లెడను అల్లారో ఆ తరహా మందులే మళ్లీ మళ్లీ దొరికాయి. అవి వాపును తగ్గించాయే తప్ప, కీలు అరిగిపోవడాన్ని ఆపలేదు. ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల తయారీని అడ్డుకుంటుందని జాన్ వేన్ 1971లో గినీపందుల ఊపిరితిత్తుల నుంచి తీసిన సారంపై నిరూపించాకగాని ఆ మందులు ఎలా పనిచేస్తాయో స్పష్టం కాలేదు.

కీళ్లవాతం విషయంలో మలుపు 1977లో వచ్చింది. కీళ్ల మృదులాస్థిలో ఉండే రెండవ రకం కొలాజెన్‌తో రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడితే, ఎలుక తన కీళ్ల మీద తానే దాడి చేసుకుంటుందని ట్రెంథమ్ బృందం చూపింది. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీల బృందం మొదట రోగుల కీలు పొరల నుంచి పెంచిన కణాలలో టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటే ఇతర తాపకారకాలు కూడా తగ్గుతాయని 1989లో గుర్తించింది. మానవ టీఎన్ఎఫ్ జన్యువును చొప్పించిన చుంచెలుకలకు కీళ్లవాతం వస్తుందని 1991లో జార్జ్ కోలియాస్ బృందం చూపగా, వ్యాధి మొదలయ్యాక టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ప్రతిరక్షకం ఇచ్చినా చుంచెలుకల కీళ్లు బాగుపడతాయని 1992లో లండన్ బృందం ప్రకటించింది. అదే ఏడాది తొలి రోగులకు చికిత్స ఆరంభమైంది. ఇక్కడ రోగి కణజాలం, జన్యుమార్పిడి జంతువు, చికిత్స పొందిన జంతువు ఒకే మాట చెప్పాయి. చుంచెలుకల్లోను, బబూన్ కోతుల్లోను రక్తంలో విషం పాకే సెప్సిస్ నుంచి కాపాడిన టీఎన్ఎఫ్ నిరోధక ప్రతిరక్షకాలు 1990లలో సెప్సిస్ రోగులపై విఫలం కావడం గమనించదగ్గది. జంతువుకు మందు ముందుగా అందితే, రోగి జబ్బు ముదిరాక ఆసుపత్రికి చేరుతాడు. కీళ్లవాతానికి నేటికీ మొదటగా వాడే మెథోట్రెక్సేట్ మాత్రం వేరే దారిలో వచ్చింది. లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన క్యాన్సర్ కోసం రూపొందిన ఫోలిక్ ఆమ్ల నిరోధకాల కుటుంబానికి చెందిన మందు అది.

తంతీకరణం కథ కాలేయంతో మొదలైంది. కామెరాన్, సింహళానికి చెందిన కరుణరత్నె కలిసి 1936లో కార్బన్ టెట్రాక్లోరైడ్‌తో ఎలుకలలో కాలేయం గట్టిపడే సిర్రోసిస్ తెప్పించి, తొందరగా ఆ విషం ఆపితే కాలేయం కోలుకుంటుందని కూడా రాశారు. తంతీకరణపు మచ్చ శాశ్వతమనే అభిప్రాయం అంత గట్టిది కాబట్టి కాబోలు, ఈ రెండో మాటను చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఎలుకలకు విషం ఆపాక కొలాజెన్‌ను తయారుచేసే నక్షత్రాకార కణాలు స్వయంగా నశించి, పోగులు కరుగుతాయని 1998లో జాన్ ఐర్‌డేల్ బృందం నిరూపించాక ఆ మాటకు విలువ పెరిగింది. హెపటైటిస్ వైరస్‌ను అణచిన రోగులలోనూ తంతీకరణం వెనక్కి మళ్లడం తరువాత కనిపించింది.

ఊపిరితిత్తి ఇంత సులభంగా లొంగలేదు. జపాన్‌లో హమావో ఉమెజావా కనుగొన్న బ్లియోమైసిన్ అనే క్యాన్సర్ మందు కొందరు రోగుల ఊపిరితిత్తులను గట్టిపరచడంతో, ఆ దుష్ఫలితాన్నే పరిశోధకులు పనిముట్టుగా చేసుకున్నారు. ఆడమ్సన్, బౌడెన్ 1974లో చుంచెలుకలలో ఈ మార్పులను వివరించారు. 1978లో స్నైడర్ బృందం మందును శ్వాసనాళంలోకే వేసి హామ్‌స్టర్లలో అదే ఫలితం రాబట్టింది. మొదటి వారంలో తీవ్రమైన తాపం, రెండు మూడు వారాలకు కొలాజెన్ మేట, ఆ తరువాత వయసులో ఉన్న జంతువులలో చాలావరకు తనంతట తానే తగ్గుదల అన్నది ఈ నమూనా గమనం. కారణం తెలియని ఊపిరితిత్తుల తంతీకరణం, అంటే ఐపీఎఫ్, ఎక్కువగా అరవై దాటినవారికి వచ్చి, వెనుదిరగకుండా ముదురుతుంది. మూడు వారాల ప్రయోగంలోని యువ చుంచెలుక మీద ఆ వృద్ధరోగి భారమంతా మోపడం ఎంత సాహసమో, నమూనా అలవాటైపోయాక మరుగున పడింది.

అంతకన్నా పెద్ద పొరపాటు కాలానికి సంబంధించినది. ప్రచురితమైన ప్రయోగాలలో అత్యధికం బ్లియోమైసిన్‌తో పాటో, మరుసటి రోజుల్లోనో మందును మొదలుపెట్టాయి. ఆ దశలో పనిచేసేది ఆరంభపు తాపాన్ని తగ్గించే ఏ మందైనా కావచ్చు, పోగులను కరిగించేదే కానక్కరలేదు. తాపాన్ని అణచితే చాలునన్న పాత నమ్మకానికి ఈ ఫలితాలు ఊతమిచ్చాయి. ఆ నమ్మకంతోనే ఐపీఎఫ్ రోగులకు ప్రెడ్నిసోన్, అజాథయోప్రిన్, ఎన్-అసిటైల్‌సిస్టీన్ కలిపి ఇచ్చేవారు. అమెరికాలో జరిగిన పాంథర్ పరీక్షలో ఈ మూడు మందులు వాడిన 77 మందిలో 8 మంది, ఉత్తుత్తి మందు వాడిన 78 మందిలో ఒక్కరు మరణించడంతో 2011లో ఆ భాగాన్ని అర్ధాంతరంగా ఆపేశారు.

ఈలోగా వేరే దారి కూడా సాగింది. కణాల పెరుగుదలను నియంత్రించే టీజీఎఫ్-బీటాను నవజాత చుంచెలుకల చర్మం కింద ఎక్కిస్తే తంతీకరణం పుడుతుందని రాబర్ట్స్, స్పోర్న్ బృందం 1986లో చూపింది. పోగులల్లే కణాలనే గురిపెట్టవచ్చన్న ఆలోచన అలా బలపడింది. పిర్ఫెనిడోన్‌ను హామ్‌స్టర్లకు మేతలో కలిపి పెట్టిన 1995 నాటి కాలిఫోర్నియా ప్రయోగాలు మేలు చూపగా, ఆ మందు 2008లో జపాన్‌లోను, నింటెడానిబ్ అనే మరో మందుతో పాటు 2014లో అమెరికాలోను ఆమోదం పొందింది. రెండూ ఊపిరితిత్తుల క్షీణతను నెమ్మదింపజేస్తాయేగాని నయం చేయవు.

జంతువులో బలంగా కనిపించిన లక్ష్యాలన్నీ ఇలా ఫలించలేదు. కొలాజెన్ పోగులను ముడివేసే ఎంజైమును అడ్డుకోవడం చుంచెలుకలలో ఆశ చూపినా, అలా అడ్డుకునే సిమ్టుజుమాబ్ అనే ప్రతిరక్షకం ఐపీఎఫ్ రోగులలో ప్రయోజనం ఇవ్వలేదు. టీజీఎఫ్-బీటాను క్రియాశీలం చేసే ఆల్ఫా-వి బీటా-6 ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్ లేని చుంచెలుకలు బ్లియోమైసిన్‌కు తట్టుకున్నాయని 1999లో తేలినా, దాన్ని అడ్డుకున్న ప్రతిరక్షకం పరీక్ష రోగులకు హాని కనిపించడంతో ఆగిపోయింది. కాగా, 2017లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ నిపుణులు బ్లియోమైసిన్ నమూనాను విడిచిపెట్టకుండానే, తాపదశ దాటాక మందు మొదలుపెట్టాలని సూచించారు. ముసలి చుంచెలుకలలో తంతీకరణం తగ్గకుండా నిలిచిపోతుందన్న గుర్తింపు వయసును కూడా ప్రయోగంలో ఒక అంశంగా నిలబెట్టింది. మార్పిడి శస్త్రచికిత్సలో తొలగించిన మానవ ఊపిరితిత్తులను పలుచని ముక్కలుగా కోసి, కొద్దిరోజులు సజీవంగా ఉంచి మందులను పరీక్షించే పద్ధతి చాలా ప్రయోగశాలలలో జంతువుతో పాటు నడుస్తున్నది. ఆ ముక్కలో రక్తప్రసరణ లేదు, బయటి నుంచి కొత్తగా వచ్చిచేరే తెల్లకణాలూ లేవు. కోన్‌హైమ్ కప్పలో చూసిన ఘట్టం అందులో జరగదు గనుక, ఆ ఒక్క ప్రశ్నకు ఇప్పటికీ జంతువునే ఆశ్రయించవలసి వస్తున్నది.