ఆర్నెల్లు అమెరికా, ఆర్నెల్లు మార్కాపురం: టికెట్ కొనే ముందు క్యాలెండర్ చూసుకోండి

రిటైరయ్యారు. అబ్బాయి డాలస్‌లోనో, అమ్మాయి న్యూజెర్సీలోనో ఉంది. ‘ఎండాకాలం అక్కడ గడిపి చలికాలానికి ఊరికి వచ్చేయండి నాన్నా’ అంటున్నారు. మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు ఇప్పుడు చాలా ఇళ్లలో ఇదే మాట. మంచి ఆలోచనే. ఏప్రిల్, మే నెలల్లో పశ్చిమ ప్రకాశం ఎండను తప్పించుకోవడానికి మించిన కారణం కూడా అక్కర్లేదు. కానీ ఇలా వెళ్లొచ్చేవారికి డబ్బు ఎక్కువగా పోయేది విమానం టికెట్ దగ్గర కాదు. తారీఖులు తప్పడం వల్ల, బీమా తప్పుగా తీసుకోవడం వల్ల. టికెట్‌లో పది వేలు మిగిల్చుకుని, పెన్షన్ ఆగిపోయి ఆర్నెల్లు అవస్థ పడేవారున్నారు. కాబట్టి ముందు క్యాలెండర్ తీయండి.

ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు రావాలి

పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్ మొదటి లెక్క. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబరులో ఇవ్వాలి. 80 ఏళ్లు దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పెన్షనర్లు, అంటే మన ప్రాంతంలో ఎక్కువగా ఉండే రిటైర్డ్ టీచర్లు, రెవెన్యూ, పంచాయతీరాజ్ ఉద్యోగులు జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇవ్వాలి. ‘వెళ్లేలోపే ఒక పనైపోతుంది’ అని డిసెంబరులో ఇచ్చేస్తే అది చెల్లదు. ఈపీఎఫ్ పెన్షన్ తీసుకునేవారికి ఈ తిప్పలు లేవు. ఏ నెలలో ఇచ్చినా అక్కడి నుంచి 12 నెలలు చెల్లుతుంది.

అందుకే ఉగాది అయ్యాక ఏప్రిల్‌లో వెళ్లి, దసరా, దీపావళి మధ్య తిరిగొచ్చేలా చూసుకోండి. లైఫ్ సర్టిఫికెట్ ఏ నెలలో ఇవ్వాల్సి వచ్చినా అప్పటికి ఊళ్లోనే ఉంటారు. ఆ నెలల్లో అక్కడే ఉండక తప్పకపోతే భారత రాయబార కార్యాలయంలో గానీ, కాన్సులేట్‌లో గానీ లైఫ్ సర్టిఫికెట్ తీసుకుని పంపవచ్చు. ఫోన్‌లో ముఖం చూపించి ఇచ్చే జీవన్ ప్రమాణ్ యాప్, దానితో పాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ రెండూ ఊళ్లో ఉండగానే వేసుకుని ఒకసారి వాడి చూడండి. అక్కడికెళ్లాక నేర్చుకుందాంలే అనుకుంటే కుదరదు.

ఇంటి దగ్గర అందుకునే ఎన్టీఆర్ భరోసా పెన్షన్ సంగతి వేరు. వరుసగా రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెలలో మొత్తం కలిపి ఇస్తారు. మూడో నెల కూడా లేకపోతే శాశ్వతంగా వలస వెళ్లినట్టు లెక్కేసి ఆపేస్తారు. ఆర్నెల్ల ప్రయాణమంటే అది ఆగుతుందనే అనుకోండి. తిరిగొచ్చాక ఏం చేయాలో సచివాలయంలో ముందే కనుక్కుని వెళ్లండి. ఇక్కడ లేకుండా ఇంకెవరి వేలిముద్రతోనో తీసుకునే ఏర్పాట్లు మాత్రం పెట్టుకోకండి.

పదేళ్ల వీసా అంటే పదేళ్లు ఉండటం కాదు

అమెరికా బీ1/బీ2 వీసాకు దరఖాస్తు ఫీజు 185 డాలర్లు. వీసా వచ్చినా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. మామూలుగా పదేళ్లకు ఇస్తారు. కానీ ఒక్కోసారి వెళ్లినప్పుడు ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది వీసా కాదు, విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి. ఎక్కువగా ఆరు నెలలిస్తారు. ఆ తారీఖు ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. దిగిన మర్నాడే పిల్లల చేత అమెరికా కస్టమ్స్ వెబ్‌సైట్‌లో తీయించి, ప్రింట్ పెట్టుకోండి. దానికి ఒక్క రోజు మించినా ఆ వీసా పనికి రాకుండా పోతుంది. 180 రోజులకు మించి దాటితే మూడేళ్ల పాటు ఆ దేశంలో అడుగు పెట్టలేరు. మనవరాలి పుట్టినరోజు కోసం ఇంకో వారం ఉందామని అనిపిస్తే, ముందు ఆ ప్రింట్ చూడండి. గడువు పెంచమని అడగాలంటే ఆ తారీఖు లోపే దరఖాస్తు చేయాలి.

హైదరాబాద్‌లో రెండు పనులుంటాయి. వేలిముద్రలు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ దగ్గరి కేంద్రంలో, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో. రెండూ వరుస రోజుల్లో దొరికేలా బుక్ చేస్తే ఒక ప్రయాణం ఖర్చు తగ్గుతుంది. ఇంకో మాట. రాత్రి కారెక్కి శ్రీశైలం మీదుగా తెల్లారేసరికి చేరదామని లెక్క వేసుకోకండి. దోర్నాల దాటాక అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు వేసేస్తారు. ముందు రోజే వెళ్లి నిద్రపోయి, స్థిమితంగా ఇంటర్వ్యూకు వెళ్లడం నయం.

పాత వీసా గడువు ముగిసిన 12 నెలల్లోగా రెన్యువల్ చేసుకుంటే ఇంటర్వ్యూ లేకుండా అయ్యే అవకాశం ఉంది. పెద్ద వయసు వల్ల వచ్చే మినహాయింపు మాత్రం 2025 సెప్టెంబరు నుంచి లేదు. 80 ఏళ్ల అమ్మమ్మ కూడా మొదటిసారి అయితే వెళ్లాల్సిందే.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందేమో చూసుకోండి. మన పెద్దవాళ్లలో ఇది ఎక్కువ. అమెరికా వీసా మీద పేరు ముందు వింత అక్షరాలు వస్తాయి తప్ప పని ఆగదు. యూఏఈ మాత్రం 2022 నవంబరు నుంచి ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రానివ్వడం లేదు. దుబాయ్‌లో దిగి నాలుగు రోజులు చూసి వెళ్దామనుకునేవారు ముందే సరిచేయించుకోవాలి.

అసలు భయం ఆసుపత్రి బిల్లు

ఇక్కడ పొదుపు చేయకండి. మీ ఈహెచ్ఎస్ కార్డు, ఎన్టీఆర్ వైద్యసేవ ఆ దేశంలో పనికిరావు. అక్కడి మెడికేర్ మీకు రాదు. గ్రీన్‌కార్డు ఉన్నా 65 ఏళ్లు దాటి, ఐదేళ్లు వరుసగా అక్కడ ఉంటేనే, అదీ డబ్బు కట్టి చేరాలి.

విజిటర్ బీమాలో రెండు రకాలున్నాయి. ఒకటి ‘ఫిక్స్‌డ్’. డాక్టరుకు ఇంత, గదికి ఇంత అని ముందే రాసిపెట్టిన మొత్తమే ఇస్తుంది. మిగతా బిల్లు మీదే. ప్రీమియం తక్కువ కాబట్టి అమ్మడం తేలిక, కొన్నవారు ఏడవడం తర్వాత. రెండోది ‘కాంప్రిహెన్సివ్’. మొదట కొంత మీరు భరించాక, బిల్లులో ఎక్కువ శాతం పాలసీ పరిమితి దాకా అదే కడుతుంది. మీకు బీపీ, షుగరు, పాత స్టెంటు ఉంటే పాలసీలో ‘అక్యూట్ ఆన్‌సెట్ ఆఫ్ ప్రీ ఎగ్జిస్టింగ్ కండిషన్’ అన్న వాక్యం ఉందో లేదో పిల్లల చేత వెతికించండి. పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితే చేసే చికిత్సకు చాలా పాలసీల్లో అదే దారి. 70 దాటితే ఈ పరిమితి బాగా తగ్గిపోతుంది. రెగ్యులర్ షుగర్ పరీక్షలకు, ముందే తెలిసి చేయించుకునే ఆపరేషన్లకు విజిటర్ పాలసీలు సాధారణంగా ఇవ్వవు.

కళ్లజోడు, పంటి పని, కంటి శుక్లం... వాయిదా వేసినవన్నీ ఇక్కడే ముగించి బయల్దేరండి. అక్కడ జ్వరం, దెబ్బ లాంటి చిన్నవాటికి ‘అర్జెంట్ కేర్’ క్లినిక్‌కు వెళ్లండి. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్తే బిల్లు ఎన్నో రెట్లు ఉంటుంది. అలాగని గుండె నొప్పి వచ్చినప్పుడు లెక్కలు వేయకండి. డబ్బు సంగతి అడగకుండా ముందు పరీక్షించి ప్రాణాపాయం తప్పించాలన్న చట్టం 1986 నుంచి అక్కడ ఉంది. బిల్లు తర్వాత వస్తుంది. వచ్చినప్పుడు ప్రతి పద్దూ విడివిడిగా చూపించమని అడగండి, తగ్గించమనీ అడగండి. లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో ఆర్థిక సాయం పథకాలుంటాయి, అడిగితే దరఖాస్తు ఇస్తారు. బేరమాడటం నామోషీ కాదు, అక్కడ అది మామూలే.

మందులు అసలు స్ట్రిప్పుల్లోనే, డాక్టరు ఇంగ్లిషులో రాసిన చీటీతో హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండి. చీటీలో బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు ఉండాలి. అమెరికా నియమం ప్రకారం 90 రోజులకు సరిపడా తీసుకెళ్లొచ్చు. మిగతా మూడు నెలల సంగతి ముందే తేల్చుకోండి. నిద్రమాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలతో జాగ్రత్త. గల్ఫ్‌లో వాటిమీద కేసులే పెడతారు.

ఇక్కడి ఆరోగ్య బీమాను మాత్రం ‘ఆర్నెల్లు ఉండం కదా’ అని ఆపేయకండి. ఒకసారి తెగితే పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదలవుతుంది. అది మూడేళ్ల దాకా ఉండొచ్చు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ లేదు.

మీరు ఎన్ఆర్ఐ అవుతారా?

బ్యాంకులో ఎవరో ఒకరు భయపెడతారు. విజిటర్ వీసా మీద ఆరు నెలలు వెళ్లొచ్చినంత మాత్రాన మీరు ఎన్ఆర్ఐ కారు. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడుంటే రెసిడెంటే. అంతకంటే తక్కువైనా, ఆ ఏడు 60 రోజులు, అంతకు ముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడుంటే కూడా రెసిడెంటే. సేవింగ్స్ ఖాతా మార్చాల్సిన పని లేదు.

గ్రీన్‌కార్డు తీసుకుని అక్కడే స్థిరపడితే కథ మారుతుంది. ఖాతా ఎన్ఆర్ఓ అవుతుంది, వడ్డీ మీద 30 శాతం పైగా టీడీఎస్ కోస్తారు, సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీము కొత్తగా తెరవలేరు, పీఎం కిసాన్‌కు అనర్హులవుతారు. మన పెన్షను, డిపాజిట్ల వడ్డీ సహా ప్రపంచంలో వచ్చే ఆదాయమంతా అమెరికాకు చెప్పాలి. విదేశీ ఖాతాల్లో మొత్తం 10 వేల డాలర్లు దాటితే దానికో ఫారం. ఏడాదికి మించి ఇక్కడే ఉండిపోతే కార్డే పోయే ప్రమాదం. సగం ఇక్కడ, సగం అక్కడ అనుకునేవారికి గ్రీన్‌కార్డు సౌకర్యం కన్నా బరువే ఎక్కువ అని నా అభిప్రాయం. పిల్లలు మోజుపడి దరఖాస్తు చేసేముందు కూర్చుని మాట్లాడండి.

విజిటర్లకూ ఒక చిక్కుంది. ఈ ఏడు అక్కడున్న రోజులు, నిరుటివాటిలో మూడో వంతు, అంతకుముందు ఏటివాటిలో ఆరో వంతు కలిపి 183 గానీ, అంతకు మించి గానీ అయితే పన్ను లెక్కలో మిమ్మల్ని అమెరికా రెసిడెంటుగా చూస్తుంది. ఏటా 180 రోజులుంటే 180, 60, 30 కలిపి 270. ఆ ఏడు 183 రోజుల లోపే ఉన్నారు కాబట్టి ‘నా ఇల్లూ వాకిలీ ఇండియాలోనే’ అని 8840 ఫారం ఇచ్చి బయటపడవచ్చు. చాలామంది తల్లిదండ్రులకు ఈ ఫారం ఉందనే తెలియదు. ఏటా 120 రోజుల్లోపు ఉంటే ఆ గొడవే లేదు. ప్రతి ఏడూ ఆర్నెల్లు వెళ్లేవారిని ఇమిగ్రేషన్‌లో ‘ఇక్కడే ఉంటున్నారా?’ అని గుచ్చి గుచ్చి అడగడం కూడా ఉంది. ఒక ఏడు ఆరు నెలలు, ఇంకో ఏడు నాలుగు నెలలు నయం.

సిమ్, పొలం, బంగారం

ఫోన్ నంబరు పోతే బ్యాంకు పోయినట్టే. ఓటీపీలన్నీ దానికే. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకపోతే ఆపేయవచ్చు. ఆర్నెల్లకు రీఛార్జ్ చేసి, ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, అక్కడ ఓటీపీ మెసేజ్‌లు వస్తాయో లేదో వెళ్లేముందే కనుక్కోండి. జులైలో ఇన్‌కంట్యాక్స్ రిటర్న్ వేసి ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయాలన్నా అదే నంబరు కావాలి. టీడీఎస్ కోయొద్దని ఏటా బ్యాంకుకు ఇచ్చే డిక్లరేషన్, మనకు 15హెచ్‌గా అలవాటైనది, ఏప్రిల్ మొదటి వారంలో ఇచ్చేసి విమానం ఎక్కండి.

పొలం ఉంటే, కౌలు, పంట పరిహారం, ఆఫీసుల్లో సంతకాల కోసం తమ్ముడికో బావమరిదికో పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాల్సి రావచ్చు. వెళ్లేముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. ఏయే పనులకో పేరుపేరునా రాయించండి. అమ్మే హక్కు రాయకండి. ఎంత దగ్గరివారైనా సరే. అక్కడికెళ్లాక గుర్తొస్తే కాన్సులేట్ చుట్టూ తిరగాలి, ఆ కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. రెండింతల ఖర్చు.

కరెంటు బిల్లు కోసం సీపీడీసీఎల్‌కు ఆన్‌లైన్‌లో కట్టే పని పిల్లలకు అప్పగించండి. గ్యాస్, మోటారు, ఇన్వర్టర్ ఆఫ్ చేయడం మీకు చెప్పక్కర్లేదు.

పెళ్లికో పేరంటానికో నగలు తీసుకెళ్తుంటే బయల్దేరే విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మీ సొంత గొలుసుకే సుంకం అడగవచ్చు. దానికి ఓ గంట ముందు వెళ్లాలి. అవసరం లేకపోతే లాకర్‌లో పెట్టి వెళ్లడమే సుఖం.

సామానులో ఆవకాయ పట్టుకెళ్లొచ్చు, అడిగితే ఉందని చెప్పాలి. కరివేపాకు, బియ్యం, మాంసం పచ్చళ్లు వద్దు. చెప్పకుండా దాస్తే జరిమానా. వీల్‌చైర్ మాత్రం మొహమాటం లేకుండా టికెట్ బుక్ చేసేటప్పుడే అడగండి. అది ఉచితం. విమానం మారే చోట ఇంగ్లిషు రాని అమ్మకు, మోకాళ్ల నొప్పుల నాన్నకు చేయి పట్టుకుని గేటు దాకా తీసుకెళ్లే మనిషి దొరికినట్టే.