ఆసియా యువ ఫుట్‌బాల్ పోటీలు: 1974 భారత విజయం - హైదరాబాదు శిక్షణ సంప్రదాయం

సంగ్రహం: 1974 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా యువ ఫుట్‌బాల్ పోటీలలో భారతదేశం ఇరాన్‌తో కలిసి విజేతగా నిలిచింది. ఆ జట్టు నాయకుడు షబ్బీర్ అలీ హైదరాబాదీయుడు. ఆ విజయానికి గల శిక్షణ నేపథ్యాన్ని, అది భారత ఫుట్‌బాల్ గమనాన్ని మార్చలేకపోవడానికి గల కారణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఆసియా యువ పోటీలు, హైదరాబాదు ఫుట్‌బాల్, రహీమ్, షబ్బీర్ అలీ, ఇరాన్.

1. ప్రవేశిక

భారత ఫుట్‌బాల్ చరిత్రను చెప్పేటప్పుడు 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దక్కిన నాలుగో స్థానం తప్పక ప్రస్తావనకు వస్తాయి. 1962 తరువాతి కాలాన్ని సాధారణంగా క్షీణదశగా భావిస్తారు. ఈ విభజనలో ఇమడని సంఘటన 1974 నాటి యువ జట్టు విజయం. క్షీణత నిజమే అయితే ఈ విజయం ఎలా సాధ్యమైంది? విజయం నిజమే అయితే క్షీణత ఎందుకు ఆగలేదు? ఈ రెండు ప్రశ్నలను కలిపి చూడవలసి ఉంది.

2. పోటీల ఆవిర్భావం, స్వరూపం

ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య 1954లో మనీలాలో ఏర్పడింది. నాటి మలయా ప్రధాని టుంకు అబ్దుల్ రహమాన్ 1958లో దాని అధ్యక్షులయ్యారు. మరుసటి సంవత్సరమే కౌలాలంపూర్‌లో తొలి ఆసియా యువ పోటీలు జరిగాయి. దక్షిణ కొరియా గెలిచింది. 1978 వరకు ఈ పోటీలు ఏటా జరిగాయి. నేడు ఇవి 20 ఏళ్ల లోపు వారి ఆసియా కప్ పేరుతో కొనసాగుతున్నాయి.

తొలి రెండు దశాబ్దాలలో ఈ పోటీల విశిష్ట లక్షణం ఉమ్మడి విజేతలు. 1959 నుండి 1978 వరకు జరిగిన 20 పోటీలలో 9 పర్యాయాలు తుది ఆట సమంగా ముగియగా ఇరుజట్లూ కప్పును పంచుకున్నాయి. కనుక 1974లో భారత్, ఇరాన్ ఉమ్మడి విజేతలు కావడం నాటి ఆనవాయితీలో భాగమే. దానిని సగం విజయంగా తక్కువ చేసి చూడడం చారిత్రకంగా సరికాదు. నాటి బర్మా గెలిచిన 7 పర్యాయాలలో 5 ఇలా పంచుకున్నవే.

3. 1974 బ్యాంకాక్ విజయం

1974 తుది ఆటలో భారత్, ఇరాన్ చెరి రెండు గోల్స్ చేశాయి. ప్రత్యర్థి బలం తెలిస్తేనే ఈ ఫలితం విలువ తెలుస్తుంది. ఇరాన్ సీనియర్ జట్టు 1968, 1972 ఆసియా కప్‌లను గెలిచి ఉంది. వారి యువ జట్టు 1973 నుండి 1976 వరకు వరుసగా నాలుగేళ్లు ఒంటరిగానో, ఉమ్మడిగానో విజేతగా నిలిచింది. ఆ నాలుగేళ్లలో ఇరాన్‌తో కప్పు పంచుకున్నవి మూడే జట్లు: భారత్, ఇరాక్, ఉత్తర కొరియా.

4. హైదరాబాదు శిక్షణ సంప్రదాయం

భారత జట్టుకు శిక్షకులుగా ఉన్న అరుణ్ ఘోష్ బెంగాల్‌కు చెందినవారు. 1962లో జకార్తాలో స్వర్ణం గెలిచిన జట్టులో రక్షణ ఆటగాడు. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదుకు చెందిన ఉపాధ్యాయుడు.

రహీమ్ 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950-54 మధ్య వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్‌ను గెలిచింది. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956, 1957లలో సాధించింది. బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు, డ్రిబ్లింగ్‌కు తావులేని పోటీలు నిర్వహించి కుర్రవాళ్ల లోపాలను సరిదిద్దడం రహీమ్ పద్ధతి. వ్యక్తి నైపుణ్యం కంటే బంతిని వేగంగా అందించడానికి ఆయన ప్రాధాన్యమిచ్చారు.

1963 జూన్‌లో రహీమ్ మరణించేనాటికి షబ్బీర్ అలీ ఏడేళ్ల బాలుడు. కాబట్టి వీరిది ప్రత్యక్ష గురుశిష్య సంబంధం కాదు. రహీమ్ వద్ద ఆడిన బెంగాలీ శిక్షకుడు ఒకవైపు, రహీమ్ పెంచిన ఫుట్‌బాల్ వాతావరణంలో ఎదిగిన హైదరాబాదు కుర్రవాడు మరొకవైపు ఒకే జట్టులో కలిశారు. ఆ అర్థంలో 1974 విజయం పాత శిక్షణకు ఆలస్యంగా పండిన పంట.

5. విజయం నిలవని కారణాలు

అదే ఏడాది సెప్టెంబరులో టెహ్రాన్ ఆసియా క్రీడలలో భారత సీనియర్ జట్టు ఆడిన మూడు ఆటలూ ఓడిపోయింది. స్వర్ణం ఇరాన్‌కు దక్కింది. ఐదు నెలల వ్యవధిలో కనిపించే ఈ అంతరం రెండు దేశాల వ్యవస్థల మధ్య అంతరం. యువ జట్టు నుండి సీనియర్ జట్టుకు ఆటగాళ్లను చేర్చే మార్గం ఒకచోట ఉంది, మరొకచోట లేదు.

రెండవ కారణం కాలానికి సంబంధించినది. 1974లో ప్రపంచ యువ పోటీలు లేవు. ఆ ఏడాది జూన్‌లో ఫిఫా అధ్యక్షుడిగా ఎన్నికైన జావో హావెలాంజ్ కార్యక్రమంలో అవి భాగం. తొలి పోటీ 1977లో ట్యునీషియాలో జరిగినప్పుడు ఆసియా నుండి ఇరాన్, ఇరాక్ ఆడాయి. భారత్ గెలిచినప్పుడు తలుపు లేదు. తలుపు తెరుచుకున్నప్పుడు భారత్ ముందువరుసలో లేదు.

మూడవది స్థానిక కారణం. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచిన తరువాత అది మళ్లీ తెలుగు నేలకు రాలేదు. ప్రతిభ గల ఆటగాళ్లు జీవనోపాధి కోసం బొంబాయి, కలకత్తా క్లబ్బులకు తరలిపోయారు. షబ్బీర్ అలీ కూడా టాటా స్పోర్ట్స్, మొహమ్మడన్ స్పోర్టింగ్ వంటి జట్లకు ఆడారు. ఆయన శిక్షణలో సల్గావ్‌కర్ జట్టు 1998-99 జాతీయ లీగ్‌ను గెలిచింది. 2011లో ఆయనకు ధ్యాన్‌చంద్ పురస్కారం లభించింది. అయితే శిక్షకుడిగా ఆ విజయం దక్కింది గోవా క్లబ్బుకే.

6. ముగింపు

ఫిఫా పోటీలో భారత పురుషుల జట్టు తొలిసారి ఆడింది 2017లో, అదీ 17 ఏళ్ల లోపు వారి ప్రపంచకప్‌కు ఆతిథ్యమిచ్చినందువల్ల. కొలంబియాపై జీక్సన్ సింగ్ చేసిన గోల్ ఆ పోటీలలో మనకు దక్కిన ఏకైక గోల్. ఆతిథ్య హక్కుతో 2017లో పొందిన ప్రవేశానికి 43 ఏళ్ల ముందే భారత యువకులు ఆసియాలో అగ్రస్థానాన్ని ఆటతో సంపాదించారు. 1962 తరువాత ప్రతిభ ఎండిపోలేదని, దానిని నిలిపే వ్యవస్థ కొరవడిందని 1974 విజయం నిరూపిస్తున్నది. భారత ఫుట్‌బాల్ క్షీణత చరిత్రను ఈ దృష్టితో తిరిగి రాయవలసిన అవసరం ఉంది.