పిల్లలకు ‘అణువు మన నేస్తం’, తవ్వినోళ్లకు పసుపు మట్టి



2019లో నల్లమలలో యురేనియం వద్దని చెంచులు అంటుంటే, "సైన్సు పుస్తకాల్లో అణుశక్తి మంచిదనే ఉంది కదా, మనోళ్లకెందుకు భయం?" అన్నోళ్లు మనలోనే ఉన్నరు. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ప్రశ్న మాత్రం మిగిలింది. అణుశక్తి గురించి బడిలో చెప్పేది ఎవరు చెప్పిస్తరు? అమెరికాలో ఏం జరిగిందో చూద్దాం.

1953 డిసెంబర్‌లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఐక్యరాజ్య సమితిలో ‘శాంతి కోసం అణువు’ అని ప్రసంగించాడు. హిరోషిమా జరిగి ఎనిమిదేళ్లే, జనానికి అణువంటే బాంబే. ఆ భయం పోవాలంటే పిల్లల్ని పట్టుకోవాలె. 1957 జనవరిలో డిస్నీ కంపెనీ, అదే మిక్కీ మౌస్ వాళ్లు, టీవీలో ‘అవర్ ఫ్రెండ్ ది ఆటమ్’ అనే సినిమా వేసింది. సీసాలోంచి వచ్చిన భూతం మనిషికి సేవ చేసినట్టు అణువూ చేస్తదని కథ. దాని వెనుక నిలబడ్డోళ్లలో అమెరికా నౌకాదళం, జనరల్ డైనమిక్స్ కంపెనీ ఉన్నాయి. మొదటి అణు జలాంతర్గామి నాటిలస్ కట్టింది ఈ కంపెనీయే. సరుకు అమ్మేటోడే పాఠం చెప్పిండన్నమాట. ఆ సినిమా బడుల్లో తిరిగింది, పుస్తకంగానూ వచ్చింది.

అదే కాలంలో నవాహో ఆదివాసీల సంగతి చూడండి. అరిజోనా, న్యూమెక్సికో, యూటాల్లోని వాళ్ల నేల నుంచి 1944–1986 మధ్య దాదాపు 3 కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తీశారు. గనుల్లో దిగినోళ్లలో ఎంతోమంది నవాహో మగవాళ్లే. గాలి ఆడని గనుల్లో దుమ్ము పీల్చి, అక్కడే సద్ది తిని, గోడల నుంచి కారే నీళ్లే తాగేవాళ్లు. అవే బట్టలతో ఇంటికొచ్చేవాళ్లు. గని రాళ్లతో ఇళ్లు కట్టుకున్నోళ్లూ ఉన్నరు. రేడియేషన్‌కు వాళ్ల భాషలో మాటే లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో రహస్య సంకేతాలకు అదే భాషను వాడుకున్న సర్కారుకు, ఈ ఒక్క ముక్క ఆ భాషలో చెప్పాలని అనిపించలే. యురేనియాన్ని వాళ్లు ‘లెట్సో’ అన్నారు, అంటే పసుపు మట్టి.

సర్కారుకు తెలియక కాదు. 1950 నుంచే ప్రజారోగ్య శాఖ డాక్టర్లు గని కార్మికులను పరీక్షించారు. ప్రమాదం సంగతి కార్మికులకు చెప్పొద్దన్న షరతు మీదే కంపెనీలు వాళ్లను లోపలికి రానిచ్చాయి. రక్తం తీసుకున్నారు, లెక్కలు రాసుకున్నారు, నోరు మాత్రం విప్పలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఎంతోమంది పోయాక, పరిహారం చట్టం 1990లో వచ్చింది.

ఆ సినిమాలో సైన్సు చాలావరకు నిజమే, ఇది ఒప్పుకోవాలి. కానీ ఖనిజం ఎవరు తవ్వుతరు, మిగిలిన మట్టి ఎవరి ఊరి పక్కన పోస్తరు అన్నది ఆ పాఠంలో లేదు. 1979 మార్చిలో త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ప్రమాదం జరిగితే ప్రపంచమంతా చెప్పుకుంది. అదే ఏడు జూలై 16న నవాహోల చర్చ్‌రాక్ దగ్గర కట్ట తెగి, 9 కోట్ల గ్యాలన్లకు పైగా యురేనియం మిల్లు నీళ్లు ప్యూర్కో వాగులో కలిశాయి. గొర్రెలు తాగే వాగు అది. ఈ పేరు మనలో ఎంతమంది విన్నరు?

2005లో నవాహోలు తమ నేలపై యురేనియం తవ్వకాలను నిషేధిస్తూ సొంత చట్టం చేసుకున్నారు. వదిలేసిన గనులు 500కు పైనే. చాలావాటిని ఇంకా శుభ్రం చెయ్యలే.