వేషము, హాస్యము, స్వస్థత: మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలలో కళల ఆరోగ్యకార్యము

వ్యాధి శరీరమును విడిచిన పిమ్మటగూడ వ్యాధిగ్రస్తుడు చిరకాలము సంఘమునకు వెలుపలనే మిగిలిపోవుట మన పల్లెలలో అందఱెఱిగిన సంగతియే. క్షయ తగ్గినవానికి వేఱుగా నుంచిన గ్లాసు మఱి కొన్నేండ్లు వేఱుగనే యుండును. బిడ్డలు లేని యిల్లాలిని సీమంతమునకు పిలుచుటకు ఇరుగుపొరుగువారు సంకోచింతురు. సంఘమునకు వెలుపల మిగిలిపోవుట యను ఈ బాధకు మందుబిళ్ళ లేదు. పూర్వపు చిత్తూరు జిల్లాలో పడమటి మండలములని పిలువబడు మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములందు పాట, ఆట, వేషము, హాస్యము ఈ బాధను తొలగించుటకు ఏ విధమున తోడ్పడినవో పరిశీలించుటయే ఈ వ్యాసమున కుద్దేశ్యము. నా యభిప్రాయమును ముందుగనే విన్నవించుచున్నాను: కళవలన స్వస్థత కూర్చుండి చూచువానికంటె, ఏదో యొక పాత్రగా లేచి నిలిచినవానికే అధికముగా లభించును.

మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము శానటోరియము 1910ల దశకమున వెలసినది. పెక్కు ప్రొటెస్టంటు మిషనులు ఏకమై స్థాపించిన ఆ సంస్థకు డెన్మార్కు దేశీయుడగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మొల్లర్ చిరకాలము అధిపతిగా నుండెను. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడుటకు పూర్వము, సముద్రమట్టమునకు దాదాపు 700 మీటర్ల యెత్తుననున్న ఆ సీమలోని పొడిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, క్రమక్రమముగా పెంచెడు శరీరశ్రమ, ఇవియే చికిత్స. నెలలతరబడి మంచమునంటియుండిన రోగికి దగ్గుకంటె దుర్భరమైనది కాలము గడచుట. ఈ దుర్భరత్వమునుండియే పాశ్చాత్యదేశములందు రెండు చికిత్సావిధానములు పుట్టినవి. అమెరికాలో క్షయబాధితుడైన జార్జి బార్టన్ అను వాస్తుశిల్పి, చేతిపనులే ఔషధములను విశ్వాసముతో 1914లో ఒక గృహమును నెలకొల్పి, 1917లో ఆ చికిత్సకొక జాతీయసంఘమును స్థాపించినవారిలో నొకడయ్యెను. ఇంగ్లండులో ఏడ్రియన్ హిల్ అను చిత్రకారుడు 1938లో శానటోరియమున క్షయకు చికిత్స పొందుచు, పడకమీదనే బొమ్మలు గీసికొని, తోడి రోగులకును ఆ పని నలవాటు చేసి, 1942లో ఆ విధానమునకు 'ఆర్ట్ థెరపీ' యని పేరిడి, 1945లో దానిపై గ్రంథమును ప్రకటించెను. ఆసుపత్రి గోడలకు మేలైన చిత్రములను వ్రేలాడదీయు పథకమునకును ఆయన తోడ్పడెను; కాని ఆయన కీర్తికి మూలము రోగిచేత కుంచె పట్టించుటయే.

1956లో మద్రాసున ఆరంభమైన క్షయ పరిశోధన, ఇంటివద్ద మందులు పుచ్చుకొన్నవారును శానటోరియములోనివారితో సమానముగా కోలుకొనుచున్నారని 1959 నాటికి నిరూపించెను. లక్షలాది పేదలకు ప్రాణదానము చేసిన నిర్ణయమది. ఐనను, రోగి యింటికి చేరుటతో తోడి రోగుల సాంగత్యము పోయి, వసారా మూలనున్న మంచము మాత్రము మిగిలినదన్న విషయమును వైద్యచరిత్రకారులు తగినంత గమనింపలేదనియే నేను తలంచుచున్నాను.

మదనపల్లెలోనే 1915లో దివ్యజ్ఞాన కళాశాల వెలసెను. దక్షిణదేశయాత్రలో విశ్రాంతి గోరి 1919లో రవీంద్రనాథ ఠాకూరు అచ్చటికి వచ్చినప్పుడు, విద్యార్థులు సాయంకాలము కూడి పాడుకొను సభలో ఆయన తన 'జనగణమన' గీతమును ఆలపించెను. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ వ్రాసికొనిన జ్ఞాపకములను బట్టి చూడగా, వంగభాష యెఱుగని ఆ బాలురు మొదట చెవియొగ్గి విని, పిమ్మట పల్లవి నందుకొని, మరల మరల పాడించుకొని, తుదకు కవితో గొంతు కలిపిరి. ప్రిన్సిపాలు సతీమణియు, సంగీతజ్ఞురాలునగు మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి కూర్చెను. ఠాకూరు ఆ గీతమును ఆ బసలోనే ఇంగ్లీషున ననువదించెను. బడలిన కవికి విశ్రాంతి ఏకాంతమున గాక బృందగానమున దొరకుటయే ఇందలి విశేషము.

అయితే ఈ సీమలో కళకును ఆరోగ్యమునకును గల పొత్తు మిషనరీలతోను, దివ్యజ్ఞానులతోను మొదలైనది కాదు. వేసవిలో ధర్మరాజస్వామి గుళ్ళయొద్ద జరుగు మహాభారత యజ్ఞములను చూడవలెను. సామాన్యముగా 18 దినములు, పగలు హరికథ, రాత్రి వీధినాటకము. వానిలో అర్జున తపస్సు నాటి దృశ్యమును కొంత నిదానించి చెప్పెదను. పొడవైన తపస్సుమానును నిలువునా పాతి, కొనయందు చిన్న మంచె గట్టుదురు. అర్జున వేషధారి ఉపవాసముండి, ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క పద్యము పాడుచు ఎక్కును. క్రింద, సంతానము గోరు స్త్రీలు స్నానము చేసి, తడిబట్టలతోనే మాను చుట్టును నేలపై సాష్టాంగముగా వరపడుదురు. ఆతడు మీదినుండి విసరెడు నిమ్మపండో, పువ్వో, విభూతి పొట్లమో తమకు చిక్కినచో కడుపు పండునని వారి నమ్మకము. నిమ్మపండు గర్భమునిచ్చునని నేను వ్రాయజాలను. సంతానలేమికి కారణము సగము సందర్భములలో పురుషునియందును ఉండవచ్చునని వైద్యులు చెప్పుచుండగా, తడిబట్టలతో స్త్రీయొక్కతెయే నేలపై పడుట నాకు నొప్పి కలిగించును. కాని వేఱొక సంగతిని గూడ కాదనజాలను: ఏడాది పొడుగునను గొడ్రాలను మాట చాటుగా వినిన ఆమె, ఆనాడు వేలమంది యెదుట ఇతిహాసములోని యొక ఘట్టమునకు ఆవశ్యకమైన పాత్రయై, తనవంటివారు ఎందఱో ప్రక్కనే పరుండియుండగా, తన దుఃఖమును దాచవలసిన యగత్యము లేక బయటపెట్టుకొనును. ఊరు ఆమెకు దారియిచ్చి నిలుచును.

ఇక హాస్యము. ఇంతటి గంభీరగాథల నడుమ హాస్యగాడు లేని వీధినాటకము లేదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు చేయు పనినే వీధినాటకమున ఇతడును, తమిళుల తెరుక్కూత్తులో కట్టియక్కారనును నిర్వహింతురు. ధర్మరాజు పద్యము చదువగా ఇతడు దానిని అడ్డముగా విని, రాజ్యమును జూదమున నోడిన ప్రభువును పట్టుకొని, అప్పులవాడు ఇంటికి వచ్చినప్పుడు పల్లెటూరివాడడిగెడు ప్రశ్నలడుగును. తెలుగు, తమిళము, కన్నడము మూడును వినవచ్చు కుప్పము సీమలో భాషల కలగాపులగమే అతనికి సగము సరకు. అభిమన్యుని చావునకు కంటతడి పెట్టుకొనిన జనమును తెల్లవారుజామున మరల బ్రతుకులోనికి తెచ్చువాడితడే. నాట్యము దుఃఖితులకును, శ్రమచే బడలినవారికిని విశ్రాంతి నొసగునని నిర్ణయించిన భరతుడు, హాస్యమును స్మితము మొదలు అతిహసితము వఱకు ఆఱు విధములుగ విభజించి, చివరి రెండింటిని అధములకు కేటాయించెను. ఇచ్చట నేను శాస్త్రకారునితో సవినయముగా విభేదింతును. దినమెల్ల టమాటా తోటలలో వంగిన నడుములకు పండ్లు కనబడని స్మితము చాలదు.

గంగమ్మ జాతరలలో ఈ యంశము మఱింత స్ఫుటమగును. పుంగనూరున సుగుటూరు గంగమ్మకును, కుప్పమున ప్రసన్న తిరుపతి గంగమ్మకును ఏటేట వేసవిలో జాతరలు జరుగును. వేషముల వైభవము మాత్రము తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో సంపూర్ణముగా కననగును. జాయ్స్ ఫ్లూకిగర్ అను అమెరికా పరిశోధకురాలు 2013లో ప్రకటించిన గ్రంథమున ఆ జాతరను విపులముగా వర్ణించినది. స్త్రీలను చెఱపట్టిన పాళెగాని వెదకి వధించుటకు గంగమ్మ ధరించిన మాఱువేషములను స్మరించి, భక్తులు బైరాగివేషము, బండవేషము, తోటివేషము, దొరవేషము మొదలైనవి దినమున కొకటిగా కట్టి, బూతులు తిట్టుచు తిరుగుదురు. బిడ్డకు జ్వరము వచ్చిననాడు మొక్కుకొనిన తండ్రి చీర కట్టవలెను. కట్టుట తెలియని ఆతనికి ఆలియో చెల్లెలో కుచ్చిళ్ళు సవరించి, సవరము పెట్టి జడ యల్లి, మల్లెలు తుఱిమి, గాజులు తొడిగి పంపుదురు. వీధిలో స్నేహితులు నవ్వుదురు, ఆతడును నవ్వును. మీసము మీద పౌడరు నిలువక జాఱును. మగతనము పేరిట ఏడాదియంతయు బిగించుకొనియుండిన ఆ మనుష్యుడు ఆ నవ్వులలో ఎంత భారము దింపుకొనునో చూచినవారికి తెలియును.

గంగమ్మ వేసవి జ్వరములకును అమ్మవారు పోయుటకును అధిదేవత. 1975 తరువాత మన దేశమున మశూచి లేదు. 1977లో దాని నిర్మూలనము ధ్రువీకరింపబడెను. వ్యాధి పోయినను జాతర నిలిచినదనగా, ప్రజలు దానియందు వెదకునది వ్యాధినివారణ మొక్కటియే కాదని యూహించుట తప్పుగాదు.

నవ్వే సర్వరోగనివారిణియని ప్రచారము చేయుట మాత్రము అపచారము. 1995లో బొంబాయిలో డాక్టరు మదన్ కటారియా ప్రారంభించిన నవ్వుల క్లబ్బులు నేడు దేశదేశముల వ్యాపించినవి; వానివలన వృద్ధులకు తోడు దొరకుట నిజము, కాని క్షయక్రిములు నవ్వునకు చావవు. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఐరోపా శాఖ 2019లో 3000కు పైగా అధ్యయనములను పరిశీలించి, కళలు వ్యాధుల నివారణకును, చికిత్సకును సహకరించునని తేల్చినది. సహకారమను మాటను దాటరాదు. మఱియు, మన హాస్యగాండ్రలో కొందఱు నల్లనివారిని, కుంటివారిని, ఆడువారిని ఎగతాళి చేసి నవ్వించుట కలదు. ఎవరికి స్వస్థత యవసరమో వారినే గాయపఱచు ఆ హాస్యమును ఆసుపత్రి గడప దాటనీయరాదు.

కుప్పమున 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. అదే యూర వైద్యకళాశాలయు నున్నది. జానపదకళల నెఱిగినవారును, రోగుల నెఱిగినవారును ఒక్క యూరనే యుండియు కలిసి పనిచేయకుండుట తగదు. పండుగనాడు వార్డులో మిమిక్రీ ప్రదర్శన పెట్టించి ఫొటోలు తీయించుకొనుటతో ఈ పని తీఱదు. క్షయకు ఆఱు నెలలు మందులు మ్రింగవలసినవారును, డయాలిసిస్ కొఱకు వారమునకు రెండుమూడు మార్లు వచ్చువారును తామే ఒక చిన్న ఘట్టమును నేర్చి, తమ మందులమీదను డాక్టరుగారి మీదను తామే పరిహాసము కల్పించి, బంధువుల యెదుట ఆడవలెను. నేర్పుటకు వీధినాటకపు గురువును పిలిచి, నర్సులకిచ్చునట్లే ఆతనికిని నెలజీతమీయవలెను. దుప్పటి కప్పి పంపరాదు, ఏలయన వేసవి దాటిన పిమ్మట ఆ కళాకారులలో పెక్కండ్రు కూలికి పోవువారే. మొట్టమొదట చేయవలసినది, వృద్ధులైన హాస్యగాండ్రు మూడు భాషలలో అప్పటికప్పుడు కల్పించు సంభాషణలను రాత్రి ప్రదర్శనలలోనే ధ్వనిముద్రణ చేయుట. వానికి వ్రాతప్రతి లేదు.