పిన్ను పెట్టిన వేళ

కానుక ఇవ్వడం ఏమంత కష్టం కాదండీ. నలుగురి ముందూ ఇవ్వగలగడమే కష్టం. మన తాంబూలాలే చూడండి. పళ్లెంలో చీర ఖరీదెంతైనా, చుట్టూ కూర్చున్న చుట్టపక్కాలే ముఖ్యం. "నలుగురిలో మాట అయిపోయింది" అన్నాకే సంబంధానికి బలం. అమెరికా కాలేజీల చరిత్ర చదువుతుంటే అచ్చం ఇలాంటి తంతే ఒకటి నా కంటబడింది.

అక్కడి కాలేజీల్లో మగపిల్లలకి 'ఫ్రెటర్నిటీ'లనీ, ఆడపిల్లలకి 'సొరారిటీ'లనీ సంఘాలున్నాయి. పేర్లన్నీ గ్రీకు అక్షరాలే. 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో పుట్టిన కప్పా ఆల్ఫా సొసైటీ వీటిలో బాగా పాతది. సంఘంలో చేరిన కుర్రాడు గుండెల మీద ఓ చిన్న పిన్ను పెట్టుకుంటాడు. అది తీసి ఒకమ్మాయికి ఇచ్చాడా, నిశ్చితార్థానికి ఒక్క మెట్టు కింద ఉన్నట్టే! దీన్నే 'పిన్నింగ్' అనేవారు. 1950లలో ఈ వేడుక మహా జోరుగా సాగింది. దానికంటే కింది మెట్టు, సంఘం అక్షరాలున్న లాకెట్టు గొలుసు.

ఇక మర్యాదలు చూడాలి! కుర్రాడి స్నేహితులంతా రాత్రిపూట అమ్మాయి ఉండే ఇంటి ముందు నిలబడి పాటలు పాడతారు. లోపల అమ్మాయిలు చీకట్లో గుండ్రంగా నిలబడి, వెలిగించిన కొవ్వొత్తిని చేతులు మారుస్తారు. శుభవార్త ఎవరిదో ఆ పిల్ల దాన్ని ఉఫ్ మని ఊదేస్తుంది. ఎన్నో చుట్టులో ఊదిందన్న దాన్నిబట్టి లాకెట్టా, పిన్నా, ఉంగరమా అన్నది తేలుతుంది. దీపం ఆర్పడం మనకి అశుభం, వాళ్లకి అదే శుభం!

మరి, అదే ఇంట్లో ఉంటూ ఇంకో అబ్బాయిని ప్రేమించిన అబ్బాయి సంగతేమిటి? కొన్ని సంఘాల నియమాల ప్రకారం పిన్ను తల్లో, చెల్లో, భార్యో, కాబోయే భార్యో పెట్టుకోవచ్చు. వీడి మనిషికి ఆ జాబితాలో చోటేదీ? పుచ్చుకునే చెయ్యి లేక కాదు, చూసి సంతోషించే నలుగురు లేక వాడి పిన్ను వాడి చొక్కా మీదే ఉండిపోయింది.

విచిత్రమేమిటంటే, అంతకు ఎన్నో ఏళ్ల ముందు ఆడపిల్లల కాలేజీల్లో ఇంత దాపరికం లేదు. వాసర్ కాలేజీలో ఒకమ్మాయి మనసు ఇంకో అమ్మాయి మీద పడితే పూలగుత్తులూ, రంగు కాగితాల మీద ఉత్తరాలూ, మిఠాయి పొట్లాలూ, ఒక్కోసారి కత్తిరించిన జుట్టు పాయా పంపేదట. దీనికి 'స్మాషింగ్' అని పేరు. 1873లోనే యేల్ విద్యార్థుల పత్రిక ఒకటి దీని గురించి రాసింది. పెద్దలు దాన్ని స్నేహమనుకున్నంత కాలం సాగిపోయింది. తర్వాత అనుమానం మొదలైంది.

ఆ అనుమానం ఎంత దూరం వెళ్లిందంటే, 1920లో హార్వర్డ్‌లో ఒక విద్యార్థి ఆత్మహత్య చేసుకున్నాక, అతనికొచ్చిన ఉత్తరాలే సాక్ష్యాలయ్యాయి. రహస్య విచారణ జరిపి కొందరు విద్యార్థుల్ని వెళ్లగొట్టారు. ఎనభై ఏళ్లు దాటాక, 2002లో గానీ ఆ సంగతి లోకానికి తెలియలేదు. ప్రేమగా రాసిన ఉత్తరమే మెడకు ఉరైతే, ఇక కానుకలెవరిస్తారు?

1986లో వాషింగ్టన్‌లో కొందరు యువకులు తమకోసం డెల్టా లాంబ్డా ఫై అనే ఫ్రెటర్నిటీ పెట్టుకున్నారు. 2015లో అమెరికా సుప్రీంకోర్టు ఇలాంటి జంటల పెళ్లిని దేశమంతటా చట్టబద్ధం చేసింది. ఇప్పుడు అబ్బాయి అబ్బాయికి పిన్ను ఇవ్వాలన్నా కొత్త మర్యాదలేం అక్కర్లేదు, ఒక్కటి తప్ప. నలుగురి ముందు ఇచ్చేముందు అవతలివాణ్ణి అడగాలి. వాడు ఇంట్లో చెప్పుకోలేదేమో! మనకి సంబరమైనది వాడికి బట్టబయలు కావడమవుతుంది.

మన దేశంలో ఈ ప్రేమ నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లికి గుర్తింపు మాత్రం 2023లో ఇవ్వలేదు. కానుక ఇచ్చుకోవచ్చు గానీ తాంబూలాలు లేవన్నమాట. కోర్టు ఇవ్వగలిగింది కోర్టు ఇస్తుంది. ఆ పళ్లెం చుట్టూ కూర్చోవలసిన చుట్టపక్కాలం మాత్రం మనమేనండీ.